ఇంకొక్క టేకు

చీపుర్లు పెట్టుకునే చిన్నగదిలో, స్టూడియో ఊడ్చే పిన్ని సంచి సర్దుకుంటోంది.

రెండు జతల బట్టలు, ఒక దువ్వెన, మందుల చీటీ.

"ఏం పిన్నీ, చెప్పాపెట్టకుండా చెక్కేస్తున్నావా?" గుమ్మంలోంచి గాయని అడిగింది.

"మా అక్క ఊరికమ్మా. ఐదింటి బస్సు. అది తప్పితే మళ్లీ రేపే."

"మూడేగా అయింది! వచ్చి మా పాట విను. బాగాలేకపోతే మొహం మీదే చెప్పు."

మొగుడి చేతిలో దెబ్బలు తినే ఆడదాని పాట అది. పేపర్లో చదివి గాయనే రాసింది. గిటార్లు హోరెత్తుతాయి. చివర్లో ఆమె గొంతు చించుకుని అరుస్తుంది.

పిన్ని చేతులు కట్టుకుని విన్నది.

"అరవకూడదమ్మా. అరిస్తే ఇంకో రెండు పడతాయి. ఊపిరి బిగబట్టి, పళ్ల సందుల్లోంచి వదలాలి. ఇలా."

వదిలింది.

డ్రమ్ములు వాయించే అతని చేతులు ఆగిపోయాయి.

"ఎక్కడ నేర్చావు పిన్నీ? నాటకాలు వేసేదానివా?"

పిన్ని నవ్వి, కొంగు భుజాల మీదుగా కప్పుకుంది.

మైకు ముందు నిలబెట్టారు. మొదటిసారి కుర్చీ కిర్రుమంది. రెండోసారి పిన్నే తుమ్మింది. మూడోసారి బాగానే వచ్చింది గానీ, రికార్డు చేసే అతను పెదవి విరిచాడు.

"ఇంకొక్క టేకు."

"నాలుగున్నరైంది. వెళ్లాలమ్మా."

"నా బంగారు పిన్నివి కదూ! తప్పితే రేపెళ్దువు. కొంపేం మునిగిపోదుగా."

పిన్ని గడియారం చూసింది. గాయని మొహం చూసింది. కాదనలేకపోయింది.

ఆరో టేకు అద్భుతంగా వచ్చింది. అప్పటికి ఐదుంబావు.

"మరి ఈ పూటకి నేనిక్కడే..." అంటూ పిన్ని ఏదో అడగబోయింది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్న గాయని నవ్వుతూ చెయ్యూపింది.

పాట ఊరంతా మోగింది. ఆ ఊపిరి దగ్గరికి వచ్చేసరికి జనం మాటలు ఆపి వింటున్నారు. ఎవరిదని అడిగితే, "మా పిన్నిది. ఊరెళ్లి అక్కడే ఉండిపోయినట్టుంది" అనేది గాయని.

నెల తిరిగాక ఒక పెద్దావిడ వచ్చింది.

"రేడియోలో విన్నాను. ఆ ఊపిరి మా చెల్లెలిది. పెళ్లైన ఇరవయ్యేళ్లకి ధైర్యం చేసి, మొగుడు పనినుంచి వచ్చేలోగా బస్సెక్కేస్తానంది. బస్టాండులో తెల్లారేదాకా చూశాను. ఇప్పుడు వాడు జైల్లో ఉన్నాడు. ఇక్కణ్ణుంచి ఎన్నింటికి వెళ్లిందమ్మా?"



ఆ సోమవారం సాయంత్రం ఐదుంబావుకి మెట్లు దిగి ఆ మొగుడింటికే వెళ్లిన పిన్ని, మళ్లీ రాలేదు.