సగం తూకం

"అన్నా, ఎత్తు బంగారం జోకాలె."

రాజేందర్ తలెత్తి చూశాడు. చూసి, ఇంకాసేపు అలాగే చూశాడు. ఆమె అంత లావుగా ఉంది మరి.

మేడారం జాతర రోజులు. తొర్రూరు బస్టాండు పక్కన అతని బెల్లం దుకాణం ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. మొక్కుకున్న మనిషి తరాజులో ఒక పక్క కూర్చుంటే, రెండో పక్క వాళ్ల బరువుకు సరితూగే బెల్లం వేస్తారు. దాన్ని బెల్లం అనకూడదు, బంగారం అనాలి. అమ్మవారికి ఇచ్చేది కదా!

"ఎవలను జోకాలె?"

"నన్నే అన్నా."

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

రాజేందర్ చెడ్డవాడేం కాదు. కానీ నలుగురు నవ్వుతున్నారంటే చాలు, అతని నోటికి పట్టపగ్గాలుండవు.

"నా దుకాణంల ఉన్నదంత నీకే పోయేటట్టున్నదక్కా! మిగిలినోళ్లు ఉత్త చేతుల్తోని పోవాల్నా?"

అందరూ గొల్లుమన్నారు. ఆమె కూడా నవ్వింది. నలుగురితో పాటు తనూ నవ్వేయడం ఎప్పుడో అలవాటు చేసుకున్నట్టుంది, పాపం.

చెప్పులు విడిచి, తరాజుకు దండం పెట్టి, పీట మీద కూర్చుంది. గొలుసులు కిర్రుమన్నాయి.

"జర పైలం రాజేందరన్నా, దూలం ఊడి పడ్తది!" అన్నాడు వరుసలో వెనకనున్న పెద్దులు అనే అతను. అతని బొజ్జ చొక్కా గుండీలను తెంపేసేలా ఉంది. మగాడి బొజ్జను ఎవరడుగుతారు లెండి!

బెల్లం ముద్దలు ఒక్కొక్కటే పడుతున్నాయి. ఆమె కూర్చున్న పీట మాత్రం నేల వదల్లేదు.

"ఏం తింటవక్కా? మాక్కూడ జర చెప్పరాదు?" అన్నాడు రాజేందర్.

"అందరి లెక్కనే గింత బువ్వ అన్నా. చిన్నప్పటిసంది నా ఒళ్లే గింత."

"పొద్దుగాల లేచి నడువాలె," అన్నాడు పెద్దులు.

"రాత్రి బువ్వ బందు పెట్టాలె," అంది ఇంకొకావిడ.

లావుపాటి మనిషి కనబడితే ఊళ్లో ప్రతివాడూ డాక్టరే. ఒకాయన ఫోను తీసి వీడియో కూడా మొదలెట్టాడు.

వరుసలో నిలబడ్డ ముసలి యాకమ్మకు ఒళ్లు మండింది.

"నోర్లు మూసుకోండ్రి! మొక్కుల కూసున్న మనిషిని నవ్వుతరా?" అని కసిరి, ఆమె వైపు తిరిగింది. "ఎవల కోసం మొక్కినవ్ బిడ్డా?"

"ఒక పిల్ల కోసం అవ్వా. సావు బతుకుల నడుమ ఉండె. ఒంట్ల ఏం లేదు, పుల్ల లెక్క ఉండె. గంత చిన్న పిల్ల ఎత్తు మొక్కితె తల్లి కండ్లకు ఆనుతదో లేదోనని, నా ఎత్తు మొక్కిన. బతికింది."

"నీ బిడ్డనా?"

"కాదవ్వా. కన్నోళ్లు వేరే ఉన్నరు."

యాకమ్మ చేతులు జోడించింది.

రాజేందర్ ఆ మాటలన్నీ విన్నాడు. విని ఊరుకుంటే ఎంత బాగుండేది! కానీ వీడియో నడుస్తోంది, జనం తన మొహమే చూస్తున్నారు, మాట నాలిక చివరికి వచ్చేసింది.

"ఆ పిల్ల బువ్వ గూడ నువ్వే తిన్నవేమో అక్కా, అందుకే పుల్లయింది!"

ఈసారి ఆమె నవ్వలేదు.

ఒళ్లో పెట్టుకున్న చేతుల వంక కాసేపు చూసుకుంది. తర్వాత గొలుసు పట్టుకుని మెల్లగా దిగింది. బెల్లం ఉన్న పళ్లెం ధడాలున నేలకు తగిలింది.

"అయ్యో, దిగకు బిడ్డా! సగం తూకంల దిగితె మొక్కు చెల్లదు!" యాకమ్మ అరిచింది.

"తల్లికి ఎరుకనే అవ్వా."

అంతే అంది. చెప్పులేసుకుని బస్టాండు వైపు వెళ్లిపోయింది.

"గింత దానికే కోపమా?" అన్నాడు రాజేందర్. ఎవరూ నవ్వలేదు. "సరే, ఎనకోళ్లు రాండ్రి," అన్నాడు.

మధ్యాహ్నం భార్య స్వరూప అన్నం గిన్నె తెచ్చింది. వస్తూనే దుకాణం ముందున్న జనాన్నంతా కలియజూసింది.

"నీలక్క వచ్చి పోయిందా?"

"ఏ నీలక్క?"

"తరిగొప్పుల కాడి తండా ఆమె. మొక్కున్నదంటె మన దుకాన్లకే రమ్మని నేనే బతిమాలిన. నీకు చెప్పద్దన్నది. చెప్తె పైసల్ తీస్కోకుంట ఊకెనే జోకుతవట, మొక్కు తనదట."

రాజేందర్ అన్నం గిన్నె పక్కకు జరిపాడు.

"ఎట్లుంటది?"

"జర దొడ్డుగుంటది. ఏమాయె? వచ్చిందా?"

అతను ఎదురుగా జాతర బస్సొకటి కదిలిపోతుంటే ఊరికే చూస్తూ కూర్చున్నాడు.

స్వరూప తన ధోరణిలో చెప్పుకుపోతోంది.

"వానకాలం మన పిల్ల వరంగల్ల దవాఖానల పడ్డప్పుడు, నెత్తురియ్యాలంటె మనోళ్లంత ఎనకకు జరిగిన్రు, యాదికున్నదా? ఎవలో ఇచ్చిన్రంటె నువ్వు సరే అని మందులకు ఉరికినవ్, ఎవలని అడగనే లేదు. పక్క మంచం మీది చుట్టాన్ని చూడొచ్చింది నీలక్క. 'గింత ఒళ్లు ఎందుకున్నది, నాది తీస్కోండ్రి' అని చెయ్యి చాపింది, గప్పుడే మొక్కు గూడ మొక్కింది. ఇప్పుడు మన పిల్ల ఒంట్ల తిరుగుతున్నది గామె నెత్తురే."