పసుపు అంటని సీసా

అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. ఒత్తులు తప్పితే సర్దుకుని చదవండి. చెయ్యి నిదానం, అందుకే కథా పొట్టిదే.

గడప దాటి లోపలికి వచ్చేసిన ముసలామెను చూసి, రామేశ్వరమ్మ చేట పక్కన పడేసి లేచింది.

"ఏమే, యాడికి పోతాండావ్? కూడు కావాలంటే బయట నిలబడి అడుగు."

"కూడొద్దు తల్లీ. సీసాల్లో మొలకలున్నాయంట. ఒక్కసారి సూసి పోతా."

అడవి మనిషి. మోకాళ్ల దాకా దుమ్ము.

రామేశ్వరమ్మ కొడుకు దేవరాజు ఆళ్లగడ్డ హైస్కూల్లో సైన్సు అయ్యవారు. నల్లమలలో ఒక మద్దిచెట్టు కొమ్మన పూసే బదనిక పువ్వు కాయను తెప్పించాడు. పొడిలాంటి దాని గింజల్ని సీసాల్లో, చక్కెర కలిపి ఉడికించిన చైనాగడ్డి అనే సముద్రపు నాచు ముద్ద మీద చల్లి, దూదితో మూతి బిగించాడు. ఏడాదికి ఆవగింజంత మొలకలు కనబడ్డాయి.

ఆ చెట్టును తర్వాత కాంట్రాక్టరు కొట్టేశాడు. అలాంటి పువ్వు మరెక్కడా దొరకలేదు. మిగిలింది ఈ సీసాల్లోనే.

ఆ రోజు దేవరాజు ఊళ్లో లేడు. పరీక్ష పేపర్లు దిద్దడానికి నంద్యాల పోయాడు.

ముసలామె బల్ల ముందు కూలబడి, చివరి సీసా మీద అరచెయ్యి ఆనించింది.

"బతికినావా నాయనా," అంది.

"మైల చేస్తివి గదే! లే, బయటికి పో!"

ఆమె వెళ్లగానే రామేశ్వరమ్మ గదంతా పేడతో అలికింది. సీసాల మీద పసుపునీళ్లు చల్లింది. ముసలామె తాకిన సీసాను మాత్రం పాతగుడ్డతో పట్టుకుని పెరటి పంచలో పెట్టేసింది.

పదిరోజులకు దేవరాజు తిరిగొచ్చేసరికి బల్ల మీది సీసాలన్నిటా నల్లటి బూజు. మొలకల్ని కప్పేసింది.

"ముసల్దొకతి వచ్చిండె! దాని దిష్టే రా," అంది తల్లి.

అంతలోనే ఆ ముసలామె మళ్లీ వాకిట్లో నిలబడింది.

"తల్లీ, ఇంకొక్కసారి..."

రామేశ్వరమ్మ బక్కెట్టెడు నీళ్లు ఆమె మొహాన కొట్టింది. దేవరాజు సీసాల మీంచి తలెత్తలేదు.

ముసలామె కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయింది.

దేవరాజు ఒక సీసా దూది పీకాడు. అది పసుపుపచ్చగా ఉంది.

"ఇదేందమ్మా?"

"పసుపునీళ్లు. మైల పోవాలని చల్లినా. దూది తీయొద్దంటివి, తీయలేదు గదా."

"తడి దూదికి బూజు పట్టిందమ్మా. దాంట్లోంచే లోపలికి దిగింది."

రామేశ్వరమ్మ పెరటి వైపు చెయ్యి చూపింది.

"ఒగటి పంచలో ఉంది రా. ఆ ముసల్ది ముట్టుకునింది."

ఆ సీసా దూది తెల్లగా ఉంది. లోపల మొలకలు నిగనిగలాడుతున్నాయి.

"ఆ ముసల్దాన్ని వెతకరా," అంది రామేశ్వరమ్మ. "ఇది చూపిద్దాం. ఇంత కూడు పెడతా."

వెతికాడు. దొరకలేదు.

మూడో రోజు ఫారెస్టు గార్డు సుబ్బయ్య వచ్చాడు. ఆ కాయను తెచ్చిచ్చింది అతనే.

"అయ్యవారూ, రుద్రవరం దారిలో ఆదెమ్మని ఒక ముసల్ది సచ్చి పడుండె. ఈడికే బయల్దేరిందంట. వచ్చిందా?"

"వచ్చింది. ఈ మొలకలతో ఆమెకేం పనప్పా?"

సుబ్బయ్య తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"నేనే చెప్పినా, ఆ కాయ నీ ఇంట్లో మొలిసిందని. ఏడుపు మానుతాదనుకున్యా."

రామేశ్వరమ్మ సీసాను ఒళ్లో పెట్టుకుని వింటోంది.

"ఏం ఏడుపు?"

"చెప్తే కాయ తీసుకోవని అప్పుడు నీతో చెప్పలేదు. దాన్ని కోసేదానికి మద్దిచెట్టెక్కి, జారిపడి సచ్చిపోయిన బయ్యన్న ఆమెకు ఒక్కడే కొడుకు."

— కమలాక్షమ్మ, డెబ్బై రెండేళ్లు. ఇప్పుడు ఉండేది చాగలమర్రిలో.