గోడకుర్చీ

చాప దిగితే చదువు దిగిపోతుందని కొంగ మాస్టారి నమ్మకం. అందుకే బడిలో ఎవరూ కదలకూడదు. పాపం, బల్లిపిల్లకి బడివేళయితే చాలు, కడుపునొప్పి. చాప మీద కూర్చుంటే వచ్చిన పద్యం కూడా గొంతు దాటేది కాదు.

ఆ రోజూ నీళ్లు నమిలింది. మాస్టారికి ఒళ్లు మండింది.

"వెళ్లి గోడకుర్చీ వెయ్యి!"

గోడా! బల్లిపిల్ల చరచరా పైకెక్కి, హాయిగా అతుక్కుని, పద్యమంతా గడగడా అప్పజెప్పేసింది. మాస్టారు తెరిచిన ముక్కు మూయలేదు.

చాప మీద ఒళ్లెండిపోతున్న కప్పపిల్ల చెయ్యెత్తింది.

"మాస్టారూ, నేనూ తప్పు చదువుతాను. నన్ను చెరువులో పడెయ్యరూ?"

మర్నాడు మాస్టారు చాప చుట్టేసి, నవ్వాపుకుంటూ అడిగారు:

"చెప్పండర్రా, ఎవరికే శిక్ష కావాలి?"