రెండు గుడ్ల కాపలా

గూడు ఖాళీగా ఉంది. నిన్న సాయంత్రం దాకా రెండు గుడ్లున్నాయి.

గ్లెనిస్ మోకాళ్ల మీద కూలబడింది. గూడంటే పుల్లలూ పీచూ కాదు, ఇసుకలో అరచేయంత గుంట. దాని అంచున చిన్న పంజా గుర్తులు. జేబులోంచి స్కేలు తీసి కొలిచింది. అయిదు సెంటీమీటర్లు.

"డెస్ కుక్కే," అంది పళ్లు కొరుకుతూ.

ఆ గుడ్లు పెట్టే నల్లతల పిట్టల్ని ఊళ్లో హుడీలంటారు. పోర్ట్ హార్లో తీరంలో ఒక్క జంటే మిగిలింది. కాపలాకి పదకొండుమంది వాలంటీర్లు పేర్లిచ్చారు. చలిగాలికి తొమ్మిదిమంది జారుకున్నారు. పదో ఆవిడకి మనవరాలు పుట్టింది. మిగిలింది గ్లెనిస్ ఒక్కతే. పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి, పట్టుకుంటే వదలదు. నారింజ రంగు కోటు తొడుక్కుని, పోయిన మొగుడి రబ్బరు బూట్లలో కాళ్లు దూర్చి పొద్దునా సాయంత్రం బయల్దేరేది. బూట్లు ఆవిడకి రెండు సైజులు పెద్దవి. ఎడమ మడమకి సైకిల్ ట్యూబు అతుకు. ఇసుకలో ఆ ముద్ర చూసి గ్లెనిస్ ఇటే వెళ్లిందని ఎవరైనా చెప్పగలరు.

తాడు కంచె బయటే నిలబడి దుర్భిణితో గుడ్లు లెక్కపెట్టమని కౌన్సిల్ రేంజర్ కర్స్టీ మొదటిరోజే చెప్పింది. గ్లెనిస్‌కి అది ఆనలేదు. దుర్భిణిలో చూస్తే చూసినట్టా? తాడెత్తి లోపలికెళ్లి, వంగి, కళ్లారా చూసుకుంటే తప్ప ఆవిడకి టీ గొంతు దిగేది కాదు.

సెప్టెంబరులో ఒకసారి గుడ్లు పోయాయి. ఇది రెండోసారి. కుక్కదో నక్కదో ఈ గుర్తుల్ని బట్టి చెప్పలేమంది కర్స్టీ.

"నక్కేమిటి నీ మొహం," అని కసిరింది గ్లెనిస్. "ఇసుక రంగు గుడ్లు. పక్కనే నిలబడినా కనబడవు. ఇంత తీరంలో నక్కకెలా దొరుకుతాయి? రోజూ అటు తిరిగేదాని పనే ఇది."

రోజూ అటు తిరిగేది డెస్ కుక్క నగెట్. పదమూడేళ్ల బుల్లి టెరియర్. ఒక కంట్లో పొర. డెస్‌కి డెబ్భై ఎనిమిది, భార్య పోయి నాలుగేళ్లు. ఇసుకదిబ్బ మీద ఇల్లు, చుట్టూ గోడా లేదు, పాడూ లేదు. పొద్దున్నే కుక్క ముందు, ఆయన వెనక.

గ్లెనిస్ నిలదీస్తే ఆయన నవ్వేశాడు.

"ఇదా? కుర్రతనంలోనే కోడిపెట్టని చూసి నా మంచం కింద దూరింది, గ్లెన్. ఇప్పుడు దొంగతనాలు నేర్చుకుందంటావా?"

గ్లెనిస్ నవ్వలేదు. ఫొటోలూ కొలతలూ జతచేసి ఫిర్యాదు రాసింది. ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించింది. పెట్టనన్నవాళ్లని, పిట్టలు చచ్చినా మీకు పట్టదా అని దులిపేసింది. కుక్కని రాత్రింబగళ్లు కట్టి ఉంచాలనీ, తీరంలో కనిపిస్తే పట్టుకుపోతామనీ కౌన్సిల్ నోటీసు వచ్చింది.

కట్టేస్తే నగెట్ ఏడ్చింది. ఆపకుండా ఏడ్చింది. సంతకాలు పెట్టిన ఇరుగుపొరుగే ఆ ఏడుపు మీదా ఫిర్యాదు చేశారు. ఎవరికైనా ఇచ్చేద్దామని డెస్ కనపడినవాళ్లనల్లా అడిగాడు. ముసలి, సగం గుడ్డి కుక్కని ఎవరు తీసుకుంటారు? నవంబరు చివర్లో దాన్ని పికప్‌లో ముందుసీటు మీద కూచోబెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఒక్కడే తిరిగొచ్చాడు.

గ్లెనిస్ గేటు ముందు బండి ఆపాడు.

"అయిపోయింది గ్లెన్. నీ పిట్టలైనా బతకనీ."

ఆవిడకీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు కేకు చేసి పట్టుకెళితే ఆయన తలుపు తీయలేదు. తప్పదు మరి, అని తనకి తనే చెప్పుకుంది. మెట్ల మీద కేకు పెట్టి, అటునుంచి అటే తీరానికి వెళ్లింది.

డిసెంబరులో, ఆ దేశంలో వేసవి మొదలయ్యాక, హుడీలు మళ్లీ పెట్టాయి. రెండు గుడ్లు. ఈ ఏటికి ఇదే ఆఖరు. గ్లెనిస్ ఇక రోజుకి మూడుసార్లు వెళ్లింది. ఎండకి చర్మం ఊడింది, మోకాలు వాచింది, అయినా ఒక్క పూట మానలేదు. ఇరవయ్యెనిమిదో రోజుకి పిల్లలు రావాలి.

ఇరవయ్యేడో రోజు పొద్దున గుంట ఖాళీ. అంచున అవే గుర్తులు. అయిదు సెంటీమీటర్లు.

ఇంకో కుక్క ఉందన్నమాట. కానీ ఈసారి అది తప్పించుకోలేదు. గుడ్లు పెట్టినప్పుడే కర్స్టీ వెంటపడి మరీ గ్లెనిస్ అక్కడో కెమెరా కట్టించి ఉంచింది.

కర్స్టీ ఫొటోలు తీసుకొచ్చింది. మొహం అదోలా ఉంది.

"ముందు మీరొక్కరే చూడండి గ్లెనిస్ గారూ."

"ఒక్కదాన్నెందుకు? ఊరంతా చూడాలి. ఆ కుక్క గలవాడెవడో నలుగురిలో తలెత్తుకోకూడదు."

సర్ఫ్ క్లబ్ హాల్లో తెర కట్టారు. యాభైమంది వచ్చారు. ఎవరు పిలిచారో ఏమో, డెస్ కూడా వచ్చి చివరి వరసలో కూచున్నాడు.

మొదటి ఫొటో. పొద్దు వాలుతోంది. నారింజ కోటులో గ్లెనిస్, గుంట మీదికి వంగి ఉంది. ముందు వరసవాళ్లు చప్పట్లు కొట్టారు.

రెండోది, ఆవిడ వెళ్లిన ఇరవై నిమిషాలకి. తాడు దగ్గర ఎర్రటి నక్క.

చప్పట్లు ఆగిపోయాయి. ఒక్కొక్కరే వెనక్కి తిరిగి డెస్‌ని చూశారు. ఆయన తెరనే చూస్తున్నాడు.

"నక్కా?" గ్లెనిస్ కుర్చీలోంచి లేచింది. "దానికెలా తెలిసింది?"

కర్స్టీ తలవంచుకుని బటన్ నొక్కింది.

మూడో ఫొటోలో ఆ నక్క ఎక్కడా వెతకడం లేదు. ముక్కు ఇసుకకి ఆనించి, ఎడమ మడమకి అతుకున్న బూట్ల గుర్తుల్లో ఒక్కో అడుగే వేసుకుంటూ, తాడు కిందనుంచి నేరుగా గుడ్ల దగ్గరికి నడుస్తోంది.