పికెట్ క్రాసింగ్ జనాభా

పికెట్ క్రాసింగ్‌లో పాలు కావాలంటే నలభై మైళ్ళు పోవాలి. ఉన్న ఒక్క కిరాణా దుకాణం మూడేళ్ళ కిందట మూతపడింది. కొత్తది తెప్పిస్తానని ఊదరగొట్టి మేయరైన వర్జిల్ టట్‌వైలర్‌కు మళ్ళీ ఎన్నికలు నెత్తిమీదికి వచ్చాయి. దుకాణం రాకపోతే ఓటు వెయ్యనని సొంత అక్కే మొహం మీద చెప్పేసింది.

చికాగో నుంచి ఒక పెద్ద దుకాణాల కంపెనీ తరఫున కారిన్ లిండ్‌హోమ్ వచ్చింది. నాలుగు వేల జనాభా లేని ఊళ్ళో వాళ్ళు దుకాణం పెట్టరు. ఆ నియమం రాసిన పెద్దమనుషులు ఏ ఊళ్ళోనూ కారు దిగి నడిచి ఉండరు.

మధ్యాహ్నం రెండింటికి వర్జిల్ ఆమెను కారెక్కించుకుని నాలుగు వీధులు తిప్పాడు. ఒక కుక్క కనిపించింది. వరండాలో ఒక ముసలాయన కనిపించాడు. అంతే.

“జనం ఏరండీ?”

“పనిలో ఉన్నారు మేడమ్. ఖాళీగా తిరిగేవాడు మా ఊళ్ళో ఒక్కడుండడు.”

ఆఫీసుకు తీసుకొచ్చి జనాభా లెక్కల కాగితం ఆమె ముందు పెట్టాడు. నాలుగు వేల మూడు వందల పన్నెండు. ఆమె మొహం విచ్చుకుంది.

“మగవాళ్ళే మూడు వేల పైన! ఇంతమందీ ఏం పని చేస్తారు?”

“బల్లలూ కుర్చీలూ చేస్తారు. రాష్ట్రంలో సగం ప్రభుత్వ ఆఫీసుల్లో మావే. పని దగ్గరికి నడిచి రెండు నిమిషాలు. ఆలస్యంగా వచ్చేవాడే లేడు.”

“సగటు వయసు ముప్పై ఆరు. మాక్కావలసింది ఇలాంటివాళ్ళే. ఊరొదిలి పోతుంటారా?”

“అంత తేలిగ్గా పోరు మేడమ్.”

పక్క బల్ల దగ్గర కాఫీ తాగుతున్న గుమాస్తా నడీన్‌కు పొలమారింది.

“అన్ని జాతులవాళ్ళూ ఉన్నారే. గొడవలేం ఉండవా?”

“అందరూ ఒక్కచోటే కూర్చుని తింటారు.”

కారిన్ గబగబా రాసుకుంది. కళ్ళెదుట ఖాళీ వీధులు, చేతిలో నిండు కాగితం. ఆ చదువుకున్న మహాతల్లి కాగితాన్నే నమ్మింది. నలభై నిమిషాల్లో అంతా తేల్చేసి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

“సిగ్గు లేదూ మేయర్ గారూ?” అంది నడీన్.

“నేనొక్క అబద్ధమైనా ఆడానా? ప్రభుత్వం అచ్చేసిన కాగితం అది. ఇంతకీ నీకు పాలు కావాలా, నిజం కావాలా?”

నడీన్ పాలు లేని తన కాఫీ వంక చూసుకుంది.

“పాలే,” అంది.

దుకాణం వచ్చింది. వర్జిల్ గెలిచాడు. జీన్సు ప్యాంట్లు, పని బూట్లు, గడ్డం బ్లేడ్లు అరల నిండా సర్దారు. నెల తిరిగినా వాటి మీద దుమ్ము తప్ప చెయ్యి పడలేదు. పై అధికారుల చేత చీవాట్లు తిని కారిన్ పరుగున వచ్చింది.

“మూడు వేల మంది మగవాళ్ళన్నారు! ఒక్కడైనా మా గడప తొక్కలేదేం? ఇలాగైతే వచ్చే వారమే మూసేస్తాం!”

వర్జిల్ ఏమాత్రం తొణక్కుండా ఆమెను ఊరి చివరికి తీసుకెళ్ళి, ముళ్ళతీగ చుట్టిన పొడవాటి జైలు గోడ చూపించి, “అందరూ లోపలే ఉన్నారు మేడమ్, శిక్ష పూర్తయినకొద్దీ ఒక్కొక్కళ్ళే వస్తారు” అన్నాడు.