ట్యాగ్ ఊడని కోటు

సంజీవ్ పథకం చాలా తేలిక. శనివారం సాయంత్రం కంపెనీ డిన్నర్‌కి కొత్త సూటు వేసుకోవాలి. ఆదివారం దాన్ని, అసలు వేసుకోనే లేదని చెప్పి షాపులో తిరిగి ఇచ్చెయ్యాలి. ట్యాగ్ ఊడకూడదు, మరక పడకూడదు. ఇంగ్లండులో తాముండే స్లౌలో కొంటే తెలిసినవాళ్ల కంట పడతానని పొరుగూరు రెడింగ్ దాకా వెళ్లి కొన్నాడు.

"ఇది మోసం కదూ?" అంది భార్య మధులిక, ట్యాగ్‌ను చంక దగ్గర లోపలివైపు పిన్నుతో బిగిస్తూ.

"పిలుపులో బ్లాక్ టై అని, అంటే ఇలాంటి నల్ల సూటే వెయ్యాలని రాశారు మరి. మళ్లీ ఎప్పుడు వేసుకుంటాను దీన్ని?"

అతని భయమంతా డైరెక్టర్ ఉమామహేశ్వరరావు గారి గురించే. కొత్త టీమ్ లీడ్ ఎవరో తేల్చేది ఆయనే. నిజాయితీ విషయంలో నిప్పు. జ్వరమని అబద్ధం చెప్పి క్రికెట్‌కి వెళ్లిన ఒకణ్ణి ఉద్యోగంలోంచే పంపేశారు.

తీరా వెళ్తే, ఆయన పక్కనే సీటు.

"ఈ సూటుని టక్సీడో అనకోయ్, అది అమెరికా మాట. ఇక్కడ డిన్నర్ జాకెట్," అన్నారాయన. "పూర్వం విందుకి తోక కోటే వేసేవాళ్లు. హాయిగా కూర్చోవడానికి లేదని ఒక యువరాజు తోక లేకుండా కుట్టించుకున్నాట్ట. కాలర్‌కి పట్టు, ప్యాంటు పక్కన పట్టీ మాత్రం ఉండాల్సిందే."

హాలు ఉడికిపోతోంది. సంజీవ్‌కి ట్యాగ్ గుచ్చుకుంటోంది. అందరూ కోట్లు విప్పి కుర్చీలకి తగిలించారు.

"భోజనం దగ్గర కోటు విప్పడం మర్యాద కాదు," అన్నారు ఉమామహేశ్వరరావు గారు. సంజీవ్‌కి ప్రాణం లేచొచ్చింది.

ఆయన సూప్ ముట్టలేదు. గ్రేవీ వద్దన్నారు. రెడ్ వైన్ పోయబోతే గ్లాసు మీద చెయ్యి పెట్టారు. డాన్స్‌కి పిలిస్తే దణ్ణం పెట్టేశారు. పెద్దమనిషంటే ఇలా ఉండాలి అనుకున్నాడు సంజీవ్. తన పని తలచుకుని సిగ్గేసింది. అయినా ఆయన వద్దన్నవన్నీ తనూ వద్దన్నాడు.

"పద్ధతి తెలిసినవాడివోయ్," అని వెళ్లేముందు ఆయన మెచ్చుకున్నారు కూడా.

ఆ మాటతో సంజీవ్‌కి సరిగా నిద్ర పట్టలేదు. సూటు ఉంచేసుకుందామా అని కూడా అనిపించింది. కానీ ఆదివారం మధ్యాహ్నానికి రెడింగ్ షాపులో, వాపసు తీసుకునే కౌంటర్ ముందు క్యూలో ఉన్నాడు.

ముందున్న మనిషి వెనక్కి తిరిగాడు. సంజీవ్ చేతిలోని సూటు సంచిని, తన చేతిలోని సూటు సంచిని మార్చి మార్చి చూసి గొంతు తగ్గించాడు.

"నేను బిగుతైందని చెప్తానోయ్, నువ్వు వదులైందని చెప్పు," అన్నారు ఉమామహేశ్వరరావు గారు.