మాకు కళ్ళున్నాయి తాతా

చామదుంప మళ్ళీ అలాగే పెట్టాడు.

అది అసలు పేరు కాదు. ఫోరంలో ఆయన పెట్టుకున్న పేరు. ఊరు తాజియా అని రాసుకున్నాడు, వయసు డెబ్బై మూడు.

ఆ ప్రోగ్రామింగ్ ఫోరంలో ఎవరు కోడ్ పెట్టినా దానికి కేటాయించిన పెట్టెలోనే పెట్టాలి. ప్రతి వరస ముందూ తగినన్ని ఖాళీలు వదిలి, వరసలు తీరుగా జరిపి ఉండాలి; ఆ ఖాళీలు తప్పితే కోడ్ నడవదు. చామదుంప మాత్రం తన పాఠాల్లో కోడంతా ఒకే అంచున రాసి, ప్రతి వరస ముందూ 'నాలుగు ఖాళీలు', 'ఎనిమిది ఖాళీలు' అని మాటల్లో రాసేవాడు.

ఫోరం పద్ధతులు చూసే మోడరేటర్ బైలిన్ మూడుసార్లు హెచ్చరించాడు.

"పెట్టెలో పెడితే కొందరికి అందదు బాబూ. ఇలా ఉండనివ్వు" అని జవాబొచ్చింది.

బైలిన్ అందరూ చూసేలా రాశాడు. "ఖాళీలు ఉన్నాయని చెప్పక్కర్లేదు తాతా. మాకు కళ్ళున్నాయి."

దాని కింద రెండొందల మంది నవ్వారు.

మర్నాడు బైలిన్ ఆయన పోస్టులన్నీ తీసేసి, ఖాతా మూసేశాడు. తన దగ్గర వేరే ప్రతి లేదని, ఒక్కసారి తెరిస్తే రాసుకుంటానని ఆయన ఉత్తరం పెట్టాడు. బైలిన్ చదివాడు, జవాబివ్వలేదు.

రెండు నెలల తర్వాత యూచెన్ అనే అమ్మాయి రాసింది. చామదుంప గారి పాఠాలు కనపడటం లేదని, తాము పదహారుమందీ సగంలో ఆగిపోయామని.

బైలిన్ వెతికాడు. తీసేసినవి నెల దాటితే తిరిగి రావు.

ఆ ఆదివారం, ఆయన ఉత్తరం కింద రాసిన చిరునామా పట్టుకుని, రైలెక్కి తాజియా వెళ్ళాడు. ఆయన భార్య, పెద్దావిడ, తలుపు తీసింది. ఆయన పోయి ఇరవై రోజులైందని చెప్పి, లోపలికి పిలిచి టీ పోసింది.

తానెవరో చెప్పడానికి బైలిన్‌కు చాలాసేపు పట్టింది.

ఆవిడ కోప్పడలేదు. పోయేముందు రోజు కూడా మొదట్నుంచి మళ్ళీ టైపు చేస్తూనే ఉన్నాడని, తొమ్మిదో పాఠం దాకా వచ్చాడని చెప్పింది.

బైలిన్ తల వంచి క్షమించమన్నాడు.

"నన్నెందుకు అడుగుతావు బాబూ, ఆ పిల్లల్ని అడుగు."

"ఏ పిల్లలండీ?"

"అంధుల బడిలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాడు. వాళ్ళ కంప్యూటర్ అన్నీ చదివి వినిపిస్తుంది గానీ, ఖాళీలు మాత్రం పలకదట."